కరెంటు ఉన్న పగలే జనరేటరును పరీక్షింపుడు

(ఇబ్రహీంపట్నంలో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున ఒక ప్రచారాధికారి చేసిన ప్రసంగ పాఠము)



ఈ సమావేశమునకు వచ్చుచు మీలో చాలమంది ఇబ్రహీంపట్నం పెద్దచెరువును చూచియే యుందురు. గోలకొండను 1550 నుండి 1580 వరకు పాలించిన ఇబ్రహీం కుతుబ్ షా పేరును ఈ ఊరు నేటికిని మోయుచున్నది. ఏ పెద్ద చెరువైనను శతాబ్దములు నిలిచినదన్నచో అది కట్ట బలము ఒక్కదాని వలననే కాదు. కట్టకు తోడుగా తూము ఉండును, మత్తడి ఉండును. కావలసినప్పుడు నీరు వదలుటకు తూము. నీరు హద్దు మించినప్పుడు తనంతట తానే పొరలిపోవుటకు మత్తడి. “నీరు వృథాగా పోవుచున్నదే” అని ఎవరైనను మత్తడికి అడ్డముగా ఇసుక బస్తాలు పేర్చినచో ఏమగును? రెండు దినములు చెరువు నిండుగా కన్నుల పండువుగా ఉండును. మూడవనాటి రాత్రి పెద్దవాన కురిసినచో కట్ట తెగును. చెరువు క్రింద సేద్యము చేసిన వారికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు.

నేను నేడు చెప్పదలచినది చెరువును గురించి కాదు, జనరేటరును గురించి. జనరేటరు ప్రక్కనో పైననో అమర్చిన ఇనుప పెట్టెను మీరు చూచియుందురు. తాళపు చెవి, మీటర్లు, ఎర్ర పచ్చ దీపములు దాని మీద ఉండును. దానినే కంట్రోల్ ప్యానెల్ అందురు. జనరేటరునకు తూమును అదియే, మత్తడియు అదియే. ఇంజినును నడిపించునది అది. హద్దు మించినప్పుడు ఆపివేయునదియు అదియే. ఆ మత్తడికి మనము తెలిసియో తెలియకయో ఇసుక బస్తాలు పేర్చుచున్నామా అన్నదే నేటి ప్రశ్న.

జనరేటరు అవసరము తీరినదా?

“ఇప్పుడు కరెంటు బాగుగనే ఉన్నది, జనరేటరుతో పనియేమి?” అని మీరు అడుగవచ్చును. నిజమే. తెలంగాణములో 2018 జనవరి 1వ తేదీ నుండి వ్యవసాయమునకు 24 గంటల ఉచిత విద్యుత్ సరఫరా ప్రారంభమైనది. పూర్వము రాత్రి కరెంటు కొరకు బోరు వద్ద నిద్రించిన రైతులకు ఆ మార్పు విలువ తెలియును. అయితే వైశాఖమాసపు ఈదురుగాలికి వేపకొమ్మ విరిగి తీగెలపై పడినప్పుడు, పిడుగుపాటుకు ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయినప్పుడు ఏ ప్రభుత్వమును, ఏ విద్యుత్ సంస్థయు నిమిషములో సరఫరాను పునరుద్ధరింపజాలదు. ఆ గంటలలో ఊరి నీళ్ల ట్యాంకు నిండవలెను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములోని టీకా మందులు 2 నుండి 8 డిగ్రీల చల్లదనములోనే ఉండవలెను. కాన్పునకు వచ్చిన తల్లి చీకటిలో ఉండరాదు.

కరెంటు తరచుగా పోవు కాలములో జనరేటరు తరచుగా నడిచెడిది. లోపమున్నచో వెంటనే బయటపడెడిది. కరెంటు బాగుపడిన కొలది జనరేటరు నెలల తరబడి నిద్రించుచున్నది. నిద్రించు యంత్రములో లోపము బయటపడదు. అది బయటపడునది మనకు అక్కర కలిగిన రాత్రియే. కావున నేడు జనరేటరునకు పరీక్ష పూర్వము కంటె ఎక్కువ అవసరము.

ఒక గ్రామములో జరిగిన సంగతి

నేను ఇంజనీరును కాను. చరిత్ర చదివిన పట్టభద్రుడను. ఈ విషయమున నాకు శ్రద్ధ కలుగుటకు ఒక కారణమున్నది. ఉద్యోగములో చేరిన తొలి సంవత్సరములలో ఒక గ్రామమునకు ఆరోగ్య ప్రచారము నిమిత్తము వెళ్లితిని. గ్రామము పేరు చెప్పను. ఏ గ్రామములోనైనను జరుగదగిన సంగతియే అది. పరిశుభ్రమైన త్రాగునీటిని గురించిన చిత్రమును ఆ రాత్రి ప్రదర్శింపవలసియుండెను. జనము చేరినారు. అంతలో గాలివాన వచ్చి వెలిసినది, కరెంటు పోయినది. నీటి సరఫరా కొరకు పంచాయతీకి ఒక జనరేటరు ఉన్నది. “ట్యాంకు కూడ ఖాళీగానే ఉన్నది గదా, దానిని నడిపించినచో మీ పనియు మా పనియు జరుగును” అని తొందరపెట్టినవాడను నేనే.

పంపు నడుపు పనివాడు తాళపు చెవి త్రిప్పెను. ఎర్ర దీపమేదియు వెలుగలేదు. అది శుభసూచకమనుకొంటిమి. ఇంజిను నడిచినది, మోటారు నడిచినది, చిత్రము మొదలైనది. పావుగంటకు ఇంజిను ధ్వని మారినది. పొగ క్రమ్మినది. పెద్ద చప్పుడుతో ఇంజిను బిగిసి నిలిచిపోయినది. అప్పుడు ఆ పనివాడు నాతో అన్న మాటలు నేటికిని నా చెవులలో ఉన్నవి: “సార్, ఆ ఎర్రలైటు ఊకె ఎలుగుతుండె, ఇంజిను బందయితుండె. మిస్త్రీ వచ్చి ఆ వైరు పీకిండు. అప్పట్నుంచి మంచిగనే నడుస్తుండె.”

మరునాడు మరియొక మెకానికు వచ్చి చూచినాడు. ఇంజినులో ఆయిల్ కొలుచు కడ్డీకి అడుగున తడి మాత్రము అంటినది. ఒక కీలు వద్ద ఆయిల్ బొట్లు బొట్లుగా చాలకాలముగా కారుచున్నది. అనగా, ఆ ఎర్ర దీపము మొదట వెలిగినప్పుడు నిజమే చెప్పినది. ఆయిల్ తగ్గినది, చూచుకొనుడని హెచ్చరించినది. మనము ఆయిల్ చూడలేదు. హెచ్చరించిన దీపపు తీగెను పీకివేసితిమి. దొంగను చూచి అరచిన కుక్కను కట్టివేసి, ఇల్లు నిశ్శబ్దముగా ఉన్నదని సంతోషించినట్లయినది.

ఇంజిను బాగుపడుటకు చాల దినములు పట్టినది. అన్ని దినములును ఆ ఊరి స్త్రీలు పొలముల బోర్ల నుండి బిందెలతో నీరు మోసినారు. పరిశుభ్రమైన నీటిని గురించి చెప్పుటకు వెళ్లిన నేను ఉన్న నీటిని ఆపి వచ్చితిని.

ప్యానెల్ చేయు పని

తాళపు చెవి త్రిప్పిన క్షణము నుండి ప్యానెల్ వరుసగా కొన్ని పనులు చేయును. మొదట బ్యాటరీ నుండి తనకు కరెంటు తీసికొనును. తరువాత డీజిల్ వదలు సోలెనాయిడ్‌కు కరెంటు ఇచ్చును. పిమ్మట సెల్ఫ్ మోటారును కొన్ని సెకండ్లు త్రిప్పును. ఇంజిను అందుకొన్న వెంటనే సెల్ఫ్‌ను విడిపించును. అందుకొననిచో కొంత విరామమిచ్చి మరల ప్రయత్నించును. స్వయముగా నడుచు ప్యానెళ్లలో సాధారణముగా మూడు ప్రయత్నములు ఉండును. మూడవసారియు విఫలమైనచో బ్యాటరీ పూర్తిగా దిగిపోకుండ తన ప్రయత్నమును మాని, దీపము వెలిగించి మనిషిని పిలుచును.

ఇంజిను నడుచుచున్నంత సేపును ప్యానెల్ కొన్ని విషయములను కనిపెట్టుచుండును. మొదటిది ఆయిల్ ఒత్తిడి. ఇది పడిపోయినచో లోపలి బేరింగులు నిమిషములలో చెడును. రెండవది వేడి. ఫ్యాను బెల్టు తెగినను, రేడియేటరులో నీరు తగ్గినను వేడి పెరుగును. మూడవది వేగము. మన దేశములో విద్యుత్తు 50 సైకిళ్లది. సాధారణమైన డీజిల్ జనరేటరు నిమిషమునకు 1500 చుట్లు తిరిగినప్పుడు ఆ 50 సైకిళ్లు వచ్చును. వేగము అంతకు పది పదిహేను శాతము మించినచో ప్యానెల్ ఇంజినును ఆపవలెను. వీనిలో ఏది హద్దు దాటినను సోలెనాయిడ్ ద్వారా డీజిల్‌ను ఆపి ఇంజినును నిలుపుటయే ప్యానెల్ ధర్మము. దీనినే ట్రిప్ అగుట అందురు. ఇవిగాక మనిషి చేతితో ఆపుటకు పెద్ద ఎర్ర మీట ఒకటి ఉండును.

వెలుగవలసిన దీపము

ఇచ్చట ఒక ముఖ్య విషయమున్నది. పాత రకపు ప్యానెళ్లు అనేకములలో ఆయిల్ ఒత్తిడి స్విచ్చి, లోపము వచ్చినప్పుడు తీగెను ఇంజిను ఇనుముతో కలుపును. అప్పుడు దీపము వెలుగును. ఆ తీగెయే తెగిపోయినచో, ఎలుక కొరికినచో, ఎవరైనను పీకివేసినచో, ఆయిల్ చుక్క లేకున్నను దీపము వెలుగదు. తెగిన తీగెయు, అంతా బాగున్న ఇంజినును బయటికి ఒకే విధముగా కనిపించును.

ఈ రెంటిని వేరుచేయు ఉపాయము మీ చేతిలోనే ఉన్నది. దానికి మెకానికు అవసరము లేదు. ఇంజిను నడువనప్పుడు ఆయిల్ ఒత్తిడి సున్న. కావున తాళపు చెవి త్రిప్పి, ఇంజినును ఇంకను నడిపింపకముందు, ఆయిల్ దీపము తప్పక వెలుగవలెను. ఇంజిను నడిచిన కొద్ది సెకండ్లకు అది ఆరిపోవలెను. మొదట వెలుగకున్నచో బల్బు కాలినది, లేదా తీగె తెగినది. అట్టి జనరేటరును ఆ లోపము సరిచేయువరకు నడుపరాదు. ఆ రాత్రి మేము శుభసూచకమనుకొన్న చీకటియే అశుభము. వెలుగరాని దీపము వెలిగినప్పుడే గాక, వెలుగవలసిన దీపము వెలుగనప్పుడును భయపడవలెను. నేటి ప్రసంగములో ఒక్క మాట గుర్తుంచుకొందురేని ఈ మాట గుర్తుంచుకొనుడు.

క్రొత్త ఎలక్ట్రానిక్ ప్యానెళ్లలో దీపములకు బదులు చిన్న తెర ఉండును. దీపములను, తెరను పరీక్షించుటకు వేరుగా ఒక మీట ఉండును. వాని పద్ధతి జనరేటరుతో వచ్చిన పుస్తకములో ఉండును. ఆ పుస్తకమును చదివించుకొనుడు.

వారమునకు ఒకసారి, నెలకు ఒకసారి

వారమునకు ఒకసారి ఇంజినును నడుపకుండనే పనివానిచేత ఈ క్రింది వానిని చూపింపుడు. కడ్డీపై ఆయిల్ మట్టము, రేడియేటరులో నీరు, ట్యాంకులో డీజిల్, ఫ్యాను బెల్టు బిగువు చూడవలెను. రేడియేటరు మూతను వేడిగా ఉన్నప్పుడు తీయరాదు. బ్యాటరీ కొనల వద్ద తెల్లని బూజువంటి తుప్పు పట్టినదేమో చూడవలెను. నీరు పోయు రకపు బ్యాటరీ అయినచో డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయవలెను. బోరు నీరు పోయరాదు.

జనరేటరు నడువకపోవుటకు మిక్కిలి సాధారణమైన కారణము బ్యాటరీయే. 12 వోల్టుల బ్యాటరీ పూర్తిగా నిండి విశ్రాంతిగా ఉన్నప్పుడు మీటరుపై సుమారు 12.6 వోల్టులు చూపవలెను. సెల్ఫ్ త్రిప్పునప్పుడు వోల్టేజి పడుట సహజము, అయితే 9.6 కంటె క్రిందికి పడినచో బ్యాటరీ బలము తగ్గినదని తెలియవలెను. ఇంజిను నడుచునప్పుడు 13.5 నుండి 14.5 వరకు చూపవలెను. చూపనిచో బ్యాటరీ చార్జి అగుటలేదు. పెద్ద ఇంజినులకు రెండు బ్యాటరీలు కలిపి 24 వోల్టులుగా ఉండును. అప్పుడు ఈ అంకెలను రెట్టింపు చేసికొనుడు.

నెలకు ఒకసారి, కరెంటు ఉన్న పగటివేళ, ఇంజినును అరగంట నడుపవలెను. అదియు ఉత్తగా కాదు, లోడు మీద. లోడు లేకుండ డీజిల్ ఇంజినును నడుపుచున్నచో డీజిల్ పూర్తిగా మండక మసి పేరుకొనును. కనీసము మూడవ వంతు లోడైనను ఉండవలెను. 25 కె.వి.ఏ. జనరేటరు మీద ఏడున్నర హెచ్.పి. మోటారు ఒక్కటి నడిచినచో దాదాపు ఆ లోడు వచ్చును. అప్పుడు ఖర్చగు డీజిల్ అరగంటకు రెండు లీటర్లు మించదు. నీరును ట్యాంకులో పడును గనుక ఆ ఖర్చు వృథా కాదు. నడుచునంతసేపు ఆయిల్ ఒత్తిడి, వేడి, వోల్టేజి, సైకిళ్లు వ్రాసికొనవలెను. మూడు ఫేజుల మధ్య వోల్టేజి సుమారు 415, ఫేజుకు న్యూట్రలుకు మధ్య సుమారు 240 ఉండును.

కరెంటు పోగానే తనంతట తాను నడుచు ఎ.ఎం.ఎఫ్. ప్యానెల్ ఉన్న చోట, తాళపు చెవితో నడిపించిన మాత్రమున పరీక్ష పూర్తికాదు. ప్యానెల్‌ను ‘ఆటో’లో ఉంచి, కరెంటు వచ్చు మెయిన్ స్విచ్చిని కట్టివేసి చూడవలెను. కొద్ది సెకండ్లలో ఇంజిను నడిచి లోడును తీసికొనవలెను. స్విచ్చిని మరల వేసినప్పుడు కొంత ఆగి లోడును కరెంటుకు అప్పగించి, కొన్ని నిమిషములు ఉత్తగా తిరిగి చల్లబడి తానే ఆగవలెను. ఆరోగ్య కేంద్రములలో ఈ పరీక్షకు ముందు వైద్యాధికారికి తప్పక తెలుపవలెను.

కావలివానిని పరీక్షించుట

పైన చెప్పినవన్నియు ఇంజిను నడుచునా లేదా అన్న పరీక్షలు. ఆగవలసినప్పుడు ఆగునా అన్నది వేరు పరీక్ష. చాలచోట్ల జరుగనిది ఇదియే. ఆరునెలలకు ఒకసారి, సర్వీసునకు మెకానికు వచ్చినప్పుడు, అతనిచేత దీనిని మీ ఎదుట చేయింపుడు. ఇది మెకానికు పని. సభ్యులు ప్యానెల్‌లో చేయి పెట్టరాదు.

ఇంజిను లోడు లేకుండ నడుచుచుండగా, ఆయిల్ స్విచ్చి తీగెను ప్యానెల్ రకమును బట్టి ఇంజిను ఇనుమునకు తాకించియో, విప్పియో, ఆయిల్ ఒత్తిడి పడిపోయినట్లు ప్యానెల్‌ను నమ్మింపవచ్చును. ఇంజిను వెంటనే ఆగవలెను, దీపము వెలుగవలెను. వేడి స్విచ్చికిని ఇట్లే చేయవచ్చును. వేగపు హద్దును పరీక్షించుట కొంత జాగ్రత్త గల పని గనుక దానిని కంపెనీ చెప్పిన పద్ధతిలోనే చేయవలెను. చివర ఎర్ర మీటను నొక్కి చూడవలెను. ఇంజినును అందుకొననీయక, మూడు ప్రయత్నముల తరువాత సెల్ఫ్ తిరుగుట ఆగునా అనియు చూడవచ్చును. పరీక్ష ముగిసిన తరువాత విప్పిన ప్రతి తీగెను తన స్థానములో మరల బిగించినారని మీరు చూడవలెను. పరీక్ష కొరకు విప్పిన తీగె విప్పినట్లే మిగిలిపోయినచో పరీక్షయే ప్రమాదమగును.

మెకానికు బిల్లుపై సంతకము చేయుటకు ముందు సర్పంచి గారు అడుగవలసినది ఒక్కటే: “ఆయిల్ తీగెతో బందు చేసి చూపినావా?” సమాధానము మాటలలో కాదు, కన్నులతో చూడవలెను.

ప్యానెల్ పరిరక్షణ

ప్యానెల్‌కు శత్రువులు నాలుగు: దుమ్ము, తడి, అదురు, ఎలుక. దుమ్మును పొడి బ్రష్షుతో గాని, చల్లని పొడి గాలితో గాని తొలగింపవలెను. తడి గుడ్డతో తుడువరాదు. వర్షాకాలమునకు ముందు పై కప్పు, తలుపు అంచులోని రబ్బరు చూడవలెను. ఇంజిను అదురునకు తీగెల మరలు వదులగును. వదులైన చోట వేడి పుట్టును. వేడి నుండి నిప్పు పుట్టును. ఆరునెలలకు ఒకసారి ప్రతి మరను బిగింపవలెను. తీగెలు లోనికి పోవు రంధ్రములను రబ్బరు బిరడాలతో మూసినచో ఎలుకలు, బల్లులు రాజాలవు. కాలిన ఫ్యూజు స్థానమున అదే అంపియర్ల ఫ్యూజునే వేయవలెను. లావుపాటి రాగి తీగె చుట్టుట మత్తడికి బస్తాలు పేర్చుటయే.

ప్యానెల్ తలుపు తెరచు ముందు దానిని ‘ఆఫ్’లో పెట్టవలెను. బ్యాటరీ చార్జరును ఆపి, బ్యాటరీ నెగెటివ్ తీగెను విప్పి, మెయిన్ స్విచ్చిని తీసి తాళము వేయవలెను. ‘ఆటో’లో ఉన్న జనరేటరు మన చేయి లోపల ఉండగానే, కరెంటు పోయిన మరుక్షణము, తనంతట తాను నడువవచ్చును. ఎ.ఎం.ఎఫ్. ప్యానెల్‌లో ఇంజిను ఆగియున్నను మెయిన్ కరెంటు ఉండును. ఈ సంగతి మరువరాదు.

చిన్న ఊరి ప్యానెల్‌కు ఇంత జాగ్రత్త యేల అందురేమో. 2020 ఆగస్టు 20వ తేదీ రాత్రి శ్రీశైలము ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రములో ప్యానెళ్లున్న చోట మంటలు చెలరేగి, తొమ్మిదిమంది ప్రాణములు కోల్పోయిన సంగతి మీకు గుర్తుండును. అది 900 మెగావాట్ల కేంద్రము; శిక్షణ పొందిన ఇంజనీర్లున్న చోటు. మన జనరేటరు చిన్నదే గాని నిప్పునకు చిన్న పెద్ద తేడా లేదు. కరెంటు మంటలకు పనికివచ్చు సిలిండరు జనరేటరు గదిలో ఉండవలెను. నీరు చల్లరాదు. జనరేటరును మూసిన గదిలో నడుపరాదు. దాని పొగలోని విషవాయువు వాసన లేకుండనే ప్రాణము తీయును.

స్తంభము మీది మనిషి

ఇంతవరకు యంత్రమును గురించి చెప్పితిని. ఇక మనిషిని గురించి చెప్పవలసియున్నది.

ట్రాన్స్‌ఫార్మరు రెండు వైపుల నుండియు పనిచేయును. 11,000 వోల్టులను 400 వోల్టులుగా తగ్గించి మన ఊరికిచ్చు ట్రాన్స్‌ఫార్మరునకు, ఊరి వైపు నుండి 400 వోల్టులు ఇచ్చినచో అది వానిని 11,000 వోల్టులుగా పెంచి పైతీగెలలోనికి పంపును. కరెంటు పోయిన రాత్రి మనము జనరేటరును నడిపించి, మెయిన్ తీగెను వేరుచేయకున్నచో జరుగునది ఇదియే. సబ్‌స్టేషన్‌లో లైను ఆపించి, మన ఊరికి వెలుగు తెచ్చుటకై వానలో స్తంభమెక్కిన లైన్‌మన్ తాను పట్టుకొన్నది చచ్చిన తీగె అనుకొనును. దానిలో మనమే ప్రాణము పోసియుందుము. ఆ ప్రాణము అతని ప్రాణము తీయును.

దీనిని అరికట్టునది చేంజ్ ఓవర్ స్విచ్చి. కరెంటు వైపో, జనరేటరు వైపో, ఒక వైపే కలియునట్లు, రెండును ఒకేసారి ఎన్నటికిని కలియనట్లు అది నిర్మింపబడినది. మూడు ఫేజులతోపాటు న్యూట్రలును కూడ మార్చు నాలుగు పోళ్ల స్విచ్చి మేలు. ఎ.ఎం.ఎఫ్. ప్యానెల్‌లో ఈ పనిని రెండు కాంటాక్టర్లు చేయును; ఒకటి కలిసియుండగా రెండవది కలియకుండ వాని మధ్య లంకె ఉండును. ఆ లంకెను ఎవరును తొలగింపరాదు. జాతరలకు, పెండ్లి పందిళ్లకు అద్దె జనరేటరు తెచ్చి ఇంటి సాకెట్టులో తీగె గ్రుచ్చి కరెంటు ఎక్కించు అలవాటు కొన్నిచోట్ల ఉన్నది. పంచాయతీ దీనిని తన గ్రామములో జరుగనీయరాదు. ఊరిలో ఎవరెవరికి జనరేటర్లు ఉన్నవో ఆ వివరము మీ ప్రాంతపు లైన్‌మన్‌కు ఇచ్చియుంచుడు. జనరేటరు బిగించునప్పుడు విద్యుత్ తనిఖీ అధికారి అనుమతి, రెండు వేరు వేరు ఎర్తులు ఉన్నవేమో చూచుకొనుడు. వేసవిలో ఎర్తు గుంటలకు నీరు పోయుట మరువకుడు.

ఒక నోటుపుస్తకము

ఇవన్నియు గుర్తుంచుకొనుట ఎట్లు? దానికొక నోటుపుస్తకము చాలును. తేదీ, నడిపినవారి పేరు, మొదట ఆయిల్ దీపము వెలిగినదా, తరువాత ఆరినదా, బ్యాటరీ వోల్టులు, ఆయిల్ ఒత్తిడి, వేడి, ఎంతసేపు నడిచినది, పోసిన డీజిల్, ఎదురైన లోపము అని గళ్లు గీయుడు. ప్యానెల్‌లో ఏ తీగెను విప్పినను, మార్చినను, ఎవరు ఎందుకు విప్పిరో అందులో వ్రాయించి సంతకము పెట్టింపుడు. ప్యానెల్ తీగెల పటమును ప్లాస్టిక్ కవరులో పెట్టి తలుపు లోపలి వైపున అతికింపుడు. మెకానికులు మారుదురు, పనివారు మారుదురు, సర్పంచులును మారుదురు. పుస్తకము మాత్రము ఊరిలోనే ఉండును. నేను చెప్పిన గ్రామములో అట్టి పుస్తకమున్నచో, తీగె పీకిన సంగతి ఒక్క పనివాని జ్ఞాపకములో మాత్రమే దాగియుండెడిది కాదు.

ఆ పనివానిని మేమెవరమును నిందింపలేదు. అతనికి తాళపు చెవి ఇచ్చినవారే గాని ఆ దీపముల అర్థము చెప్పినవారు లేరు. మీ మల్టీపర్పస్ వర్కర్‌ను ప్రక్కన నిలుపుకొని, ప్రతి దీపము క్రింద తెలుగులో దాని పేరు వ్రాసి అతికింపుడు. “ఈ దీపము వెలిగినచో ఇంజినును ఆపుము, నిన్నెవరును ఏమియు అనరు” అని అతనికి ధైర్యము చెప్పుడు. నీళ్లు ఆలస్యమైనవని ఊరివారు కోపించినప్పుడు అతని ప్రక్కన నిలుచుట పంచాయతీ బాధ్యత. ఆ అండ లేనప్పుడే పనివాడు తీగె పీకించును.

చెరువు సంగతితో ఆరంభించితిని, దానితోనే ముగింతును. పూర్వము నీరటి చెరువు నిండిన తరువాత కట్ట చూచుటకు పోలేదు. మొదటి వాన పడకముందే కట్ట అంతయు నడిచి, ఎలుక బొరియలు పూడ్చి, తూము తలుపు కదలించి, మత్తడికి అడ్డుపడిన కంపను తొలగించెడివాడు. మీరు ఇండ్లకు మరలిన తరువాత, ఈ వారములోనే, ఎండ ఉండగా, కరెంటు ఉండగా, మీ జనరేటరు వద్దకు వెళ్లుడు. తాళపు చెవి ఒక్క మెట్టు మాత్రము త్రిప్పుడు. ఆ ఎర్ర దీపము వెలిగినదా చూడుడు. వెలిగినచో నోటుపుస్తకములో మొదటి వరుస వ్రాయుడు. వెలుగకున్నచో మెకానికును పిలిపింపుడు.